ఇంటింటా ఇంజనీరింగ్: పాత కంప్యూటరుకు మెరుగా, మార్పా?

గత సంచికలో ఇన్వర్టరు బ్యాటరీల సంరక్షణను గురించి ముచ్చటించుకున్నాము. ఆ వ్యాసము చదివి ఉత్తరాలు వ్రాసిన పాఠకులకు కృతజ్ఞతలు. ఈ నెల ఎన్నుకున్న విషయము కొందరికి చిన్నదిగా తోచవచ్చును. తొమ్మిదేళ్ళు నిండవచ్చిన కంప్యూటరును, అందునా ప్రధానంగా పిల్లవాడు ఆటలాడుకొనుటకు కొన్న కంప్యూటరును, పరిమితమైన సొమ్ముతో బాగు చేసుకోవడమా, లేక పక్కన పెట్టి కొత్తది కొనడమా అన్నది ప్రశ్న. మా ఇంట్లో ఈ ప్రశ్న రెండు నెలలపాటు నలిగింది. ఎదిగిన పిల్లలున్న చాలా ఇళ్ళలో నేడో రేపో తలెత్తేదే కనుక మా అనుభవాన్ని లెక్కలతో సహా పాఠకుల ముందుంచుతున్నాను.

2017లో నాకు రామగుండం నుండి నోయిడాకు బదిలీ అయినది. అప్పటికి మా అబ్బాయి ఏడవ తరగతికి వచ్చాడు. టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన పిల్లల సంగతి మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఒకే బడి, ఒకే మైదానం, ఏ క్వార్టరులో ఆకలి వేస్తే ఆ క్వార్టరులో భోజనం. అటువంటి చోటునుండి వచ్చి పదకొండవ అంతస్తులోని ఫ్లాటులో పడ్డాడు. హిందీ అంతంత మాత్రం. సాయంత్రం అయిదింటికి బాల్కనీలో నిలబడి క్రింద ఆడుకొనే పిల్లలను చూస్తూ ఉండేవాడు. ఆ చూపును భరించలేక, ఆ మే నెలలోనే సుమారు 58,000 రూపాయలు వెచ్చించి ఒక కంప్యూటరును కూర్పించాను. చదువుకు పనికివస్తుందని ఇంట్లో చెప్పాను గాని, నా మనస్సులోని కారణం అది కాదు.

వాడి ముగ్గురు మిత్రుల తండ్రులకు కూడా ఒక్కొక్కరికే బదిలీలు అయినవి. ఒక కుటుంబం విశాఖకు, ఒకటి తాల్చేరుకు వెళ్ళినవి. మూడవవారు హైదరాబాదులో స్థిరపడ్డారు. నలుగురూ ప్రతి శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు కంప్యూటర్ల ముందు కూర్చొని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని ఒకే ఆటలో కలుసుకొనేవారు. ఎనిమిదేళ్ళు అలాగే గడిచినవి. పదవ తరగతి పరీక్షలకు, ఇంటరుకు మాత్రమే విరామం. ఇప్పుడు మావాడు బి.టెక్. మూడవ సంవత్సరంలో ఉన్నాడు.

2025 నవంబరులో ఒక శనివారం రాత్రి వాడి గది ముందునుండి వెళుతూ చూస్తే, కంప్యూటరు ఆపి ఉన్నది. వాడు మంచం మీద పడుకొని ఫోను చూసుకుంటున్నాడు. ఒంట్లో బాగులేదేమోనని అడిగాను. "బాగానే ఉన్నాను నాన్నా. వాళ్ళు కొత్త ఆటకు మారారు. నా కంప్యూటరులో అది నడవదు. నాకోసం పాత ఆటే ఆడుదామన్నారు గాని, ఎన్నాళ్ళని వాళ్ళను ఆపుతాను?" అన్నాడు. కొనిపెట్టమని అడగలేదు. అడిగి ఉంటే కాదనడం నాకు తేలికయ్యేది.

ఆ కొత్త ఆట 2025 అక్టోబరు 10న విడుదలైన బ్యాటిల్‌ఫీల్డ్ 6. అందులో నలుగురు కలిసి ఒక దళంగా ఆడతారు. మా శ్రీమతితో సంగతి చెప్పగా, "సెమిస్టరు పరీక్షలు నెత్తిమీద ఉండగా ఆటల యంత్రానికి వేలు పోస్తారా? మీ ఉద్యోగ విరమణ ఇంకెంత దూరం ఉన్నదో గుర్తున్నదా?" అన్నది. ఆమె మాటలోని న్యాయం కాదనలేనిది. చివరకు 25,000 రూపాయలకు మించి నా చేతినుండి ఇవ్వనని ఒక గీత గీశాను. ఆ గీత లోపల ఏమి చేయగలమో చూడడం ఇంజనీరు పని.

వృద్ధాప్యానికి వచ్చిన యూనిట్లను పునరుద్ధరించడమా, విరమింపజేయడమా అన్న చర్చ విద్యుదుత్పత్తి రంగంలో ఉన్నవారికి కొత్త కాదు. రెండు ఉదాహరణలు స్మరించుకుందాము. ఢిల్లీలోని బదర్‌పూర్ థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1973లో ఉత్పత్తి ప్రారంభించినది. మూడు 95 మెగావాట్ల యూనిట్లు, రెండు 210 మెగావాట్ల యూనిట్లు, వెరసి 705 మెగావాట్లు. 2018 అక్టోబరులో ఆ కేంద్రాన్ని శాశ్వతంగా మూసివేశారు. యంత్రాలు తిరగలేక మూసినది కాదు. రాజధాని గాలి కాలుష్యం కారణంగా చుట్టూ ఉన్న నిబంధనలు మారిపోయినవి. యంత్రం తాను బాగుండికూడా కాలం చేత వెనుకబడవచ్చునని అది నేర్పిన పాఠం.

రెండవది పాల్వంచలోని మన కొత్తగూడెం థర్మల్ కేంద్రం. 60, 120 మెగావాట్ల పాత యూనిట్లు, మొత్తం 720 మెగావాట్లు, 2020 నాటికి పూర్తిగా విరమించినవి. వాటి శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టులో కూల్చివేశారు. కాని అదే ప్రాంగణంలో 800 మెగావాట్ల ఏడవ దశ 2018 డిసెంబరులోనే ఉత్పత్తిలోకి వచ్చినది. కిన్నెరసాని నీరు, సింగరేణి బొగ్గు, తీగల దారి, అనుభవమున్న సిబ్బంది, ఇవన్నీ అక్కడ ముందే ఉన్నవి. ప్రధాన యంత్రం మారినది. దానిని మోసే వసతులు నిలిచినవి. మా కంప్యూటరు విషయంలో తుదకు నాకు దారి చూపినది ఈ రెండవ ఉదాహరణే.

ఏ పునరుద్ధరణకైనా మొదటి మెట్టు కొలత. కొనుగోలు రెండవ మెట్టు. మా యంత్రములోని భాగాలు ఇవి: ఇంటెల్ కోర్ ఐ5 7400 ప్రాసెసరు, హెచ్110 మదర్‌బోర్డు, ఒకే పలకగా 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 4 జీబీ జ్ఞాపకం గల జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్., ఒక హార్డ్ డిస్కు. 2020లో ఆన్‌లైన్ తరగతుల కాలంలో 480 జీబీ ఎస్.ఎస్.డి. ఒకటి చేర్చాము.

ముందుగా కేబినెట్ మూత విప్పాను. నోయిడాలో నివసించేవారికి అక్కడ ఏమి కనిపించినదో ఊహించడం కష్టం కాదు. ఒకవైపు ఎడతెగని నిర్మాణాల ధూళి, మరొకవైపు శీతకాలపు పొగమంచు. ముందుభాగంలోని జల్లెడ దుప్పటిలా మూసుకుపోయి ఉన్నది. ప్రాసెసరు పైనున్న థర్మల్ పేస్టు ఎండి పెచ్చులు కట్టినది. ఆటాడుతుండగా ప్రాసెసరు ఉష్ణోగ్రత 96 డిగ్రీలు చూపినది. ఈ ప్రాసెసరుకు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఆ అంచుకు చేరినప్పుడు అది తన్ను తాను కాపాడుకొనుటకు వేగాన్ని తగ్గించుకుంటుంది. కండెన్సరులో వాక్యూమ్ పడిపోతే యూనిట్ లోడు తగ్గించినట్లే. బ్లోయరుతో శుభ్రం చేసి, కొత్త పేస్టు పూసిన తరువాత అదే ఆటలో ఉష్ణోగ్రత 73 డిగ్రీలకు దిగినది. అయిన ఖర్చు 350 రూపాయలు. బ్లోయరు ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టి ఉంచవలెనని, తిరగనివ్వరాదని పాఠకులు గుర్తుంచుకొనగలరు.

తరువాతి ప్రశ్న: వేగాన్ని ఆపుతున్న భాగం ఏది? తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారవలెనంటే, ఒక్కొక్క బొమ్మ తయారగుటకు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. ఆ వ్యవధిలో ప్రాసెసరు తన పని ముగించవలెను. గ్రాఫిక్స్ కార్డు తన పని ముగించవలెను. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేస్తే ఆ ఆలస్యమే తెర మీద కుదుపుగా కనిపిస్తుంది. ఆ ఇద్దరిలో దోషి ఎవరో కనుగొనుటకు సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. ఆట అమరికలలో తెర స్పష్టతను 1920×1080 నుండి 1280×720కు తగ్గించి చూడవలెను. చుక్కల సంఖ్య సగానికన్నా తక్కువ అవుతుంది కనుక గ్రాఫిక్స్ కార్డుకు భారం తగ్గుతుంది. అప్పుడు వేగం బాగా పెరిగినచో అంతవరకు అడ్డుపడినది కార్డు. పెరగకపోయినచో అడ్డుపడినది ప్రాసెసరు లేదా ర్యామ్.

మావాడు ఆడుతున్న పాత ఆటలో ఈ పరీక్ష చేశాము. 1080లో సగటున 52, కుదుపు వచ్చినప్పుడు 27. 720లో సగటు 55, కుదుపు 28. అనగా దాదాపు మార్పు లేదు. టాస్క్ మేనేజరు తెరిచి చూస్తే ప్రాసెసరులోని నాలుగు కోర్లు నూటికి నూరు పాళ్ళు పనిలో ఉన్నవి. ర్యామ్‌లో 90 శాతం పైగా నిండి ఉన్నది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం 60 శాతం దగ్గర తీరికగా ఉన్నది. సగటును చూసి మోసపోరాదని కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ఆటలో మనిషిని ఇబ్బంది పెట్టేది సగటు కాదు, ఆ కుదుపు.

అంతవరకు మావాడి ఆలోచన, అంగడులవారు ఇచ్చిన సలహా ఒకటే: కొత్త గ్రాఫిక్స్ కార్డు వేస్తే చాలు. దానికి 21,000 చెప్పారు. నా గీతలోపల సరిపోయేదే. కాని కొలత ఆ మాటను కొట్టివేసినది. అంత పెట్టి కార్డు వేసినా నాలుగు కోర్ల ప్రాసెసరు దాని వేగాన్ని అందుకొనలేదు. పైగా కొత్త ఆట తయారీదారులు ప్రకటించిన కనీస అవసరాలలో ఆరు కోర్ల కోర్ ఐ5 8400, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 2060 కార్డు ఉన్నవి. మూడింటిలోనూ మా యంత్రం గీతకు క్రిందనే ఉన్నది.

అయితే ప్రాసెసరు ఒక్కటే మార్చుకొనవచ్చునా? ఇక్కడ చాలామంది పొరబడే చిక్కు ఒకటి ఉన్నది. ఇంటెల్ ఆరు, ఏడు, ఎనిమిదవ తరాల ప్రాసెసర్లు కూర్చొనే సాకెట్ పేరు ఒకటే, ఎల్‌జీఏ 1151. పేరు కలిసినది గదా అని ఎనిమిదవ తరం ప్రాసెసరును కొని తెచ్చి హెచ్110 బోర్డులో పెడితే పనిచేయదు. దానికి 300 వరుస బోర్డు ఉండవలెను. మా బోర్డు ఆరు, ఏడు తరాలతోనే ఆగిపోయినది. ఆ కోవలో పై స్థాయిదైన ఐ7 7700 కూడా నాలుగు కోర్లదే. ఇప్పుడు వాడినవి తప్ప దొరకవు.

దీనికి తోడు బదర్‌పూర్ పాఠం. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. భద్రతా సవరణలకు గృహ వినియోగదారులకు ఇచ్చిన అదనపు గడువు కూడా 2026 అక్టోబరు వరకే. విండోస్ 11 అంగీకరించే ఇంటెల్ ప్రాసెసర్ల పట్టిక, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరంతో మొదలవుతుంది. మా కార్డు తరానికి ఆటల డ్రైవర్ల విడుదలను ఎన్‌విడియా సంస్థ 2025 అక్టోబరుతో ఆపి, ఆపైన 2028 వరకు భద్రతా సవరణలకే పరిమితం చేసినది. యంత్రం తిరుగుతూనే ఉన్నది. దాని చుట్టూ ఉన్న లోకం ముందుకు జరిగిపోయినది.

అట్లని పూర్తిగా కొత్తది కొందామా అంటే, అడిగిన చోటల్లా 70,000 పైమాటే. అందులో ర్యామ్ వాటా చూసి ఆశ్చర్యపోయాను. 2025 చివరి నుండి జ్ఞాపక చిప్‌ల తయారీదారులు తమ ఉత్పత్తిని కృత్రిమ మేధ సర్వర్ల వైపు మళ్ళించడం వలన గృహ కంప్యూటర్ల ర్యామ్‌కు కొరత ఏర్పడినది. మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ పేరిట జరిపే చిల్లర వ్యాపారం నుండి వైదొలగుతున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించినది. కొత్త తరం బోర్డులు అడిగే డీడీఆర్5 ర్యామ్ మధ్యతరగతి కొనుగోలుదారుకు భారమైపోయినది. అప్పుడు గుర్తుకు వచ్చినది మా పాత యంత్రములోని 8 జీబీ డీడీఆర్4 పలక. అది పాతది కావచ్చును, పనికిరానిది కాదు.

కొత్తగూడెం పద్ధతి ఇక్కడ అక్కరకు వచ్చినది. ఏవి నిలుస్తాయి, ఏవి పోతాయి అని రెండు నిలువు వరుసలు గీశాము. కేబినెట్, మానిటరు, కీబోర్డు, ఎస్.ఎస్.డి., హార్డ్ డిస్కు, ర్యామ్ నిలిచేవి. ప్రాసెసరు, బోర్డు పోయేవి. కనుక డీడీఆర్4 ర్యామ్‌ను అంగీకరిస్తూ, విండోస్ 11ను నడపగల బోర్డు, ప్రాసెసరు కావలెను. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ ఇందుకు సరిపోయినది. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 ప్రాసెసరుకు ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. విద్యుత్తు 65 వాట్లు, అనగా మా పాత ప్రాసెసరుతో సమానము. శీతలీకరణ ఫ్యాను పెట్టెలోనే వస్తుంది. దీనిలో గ్రాఫిక్స్ భాగం ఉండదు గనుక ఏదో ఒక కార్డు తప్పనిసరి.

లెక్క వేస్తే ప్రాసెసరు, బోర్డు, ఇంకొక 8 జీబీ ర్యామ్, కొత్త ఎస్.ఎం.పి.ఎస్. కలిపి 26,000. నా గీత అక్కడే దాటిపోయినది. కార్డు ఇంకా మిగిలే ఉన్నది. ఇప్పుడు వీటిని కొని, కార్డును ఆరు నెలల తరువాత చూసుకుందామన్నాను. ఇంజనీరింగ్ రీత్యా అది సరియైన క్రమమే. మావాడు తల ఊపాడు గాని, ఆరు నెలలంటే ఇరవైఆరు శనివారాలని ఇద్దరికీ తెలుసు.

వాడిన కార్డు కొందామన్న మాట వాడు ఎత్తలేదు. దానికొక పూర్వకథ ఉన్నది. 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ అను డిజిటల్ నాణెం తన పద్ధతి మార్చుకొని, గ్రాఫిక్స్ కార్డులతో నాణేలు త్రవ్వే పనికి స్వస్తి చెప్పినది. రాత్రింబవళ్ళు ఆ పనిలో కాగిన కార్డులు గుట్టలుగా సంతకు వచ్చినవి. ఆ డిసెంబరులో ఒక అంగడిలో, బిల్లు లేకుండా, 9,500 పెట్టి అటువంటి కార్డు ఒకటి నేనే కొన్నాను. వద్దని మావాడు అన్నాడు; చవక అని నేను వినలేదు. ఇరవైమూడవ రోజున తెర మీద రంగుల చారలు వచ్చి అది శాశ్వతంగా మూగబోయినది. అంగడివాడు ఆ వస్తువు తమది కాదన్నాడు. బిల్లు లేనివాడిని నేను ఏమనగలను? ఆఫీసులో లక్షల రూపాయల పరికరాలకు తనిఖీ పత్రాలు అడిగే మనిషిని, ఇంటి సొమ్ము దగ్గర ఆ నియమం మరచిపోయాను. తప్పు నాదే.

ఇంతలో హైదరాబాదు మిత్రుడు తన పుట్టినరోజుకు కొత్త కార్డు కొనుక్కున్నాడు. తన పాత ఆర్‌టీఎక్స్ 2060ని మావాడికి పంపుతానని ఫోను చేశాడు. డబ్బు వద్దన్నాడు. మావాడు ఊరక తీసుకోనన్నాడు. వారిలో వారు తర్జనభర్జనలు పడి 8,000కు ఒప్పుకున్నారు. ఇదీ వాడిన కార్డే గదా అని పాఠకులు అడుగవచ్చును. తేడా ఉన్నది. ఎప్పుడు కొన్నదో, ఎట్లా వాడినదో, ఎవరు తుడిచినదో తెలిసిన యంత్రం ఇది. బిల్లు కూడా వెంట పంపాడు. నిర్వహణ చరిత్ర తెలిసిన పాత టర్బైనును నమ్మవచ్చును. రంగు వేసి తెచ్చిన అనామక టర్బైనును నమ్మరాదు.

2026 జనవరిలో ఒక శనివారం ఇద్దరమూ బొటానికల్ గార్డెన్ స్టేషనులో మెజెంటా లైను మెట్రో ఎక్కి, కాల్‌కాజీ మందిర్ దగ్గర వయొలెట్ లైనుకు మారి, తరువాతి స్టేషనైన నెహ్రూ ప్లేసులో దిగాము. సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు ఎరిగిన పాఠకులకు ఆ వాతావరణం కొత్తగా ఉండదు. మెట్ల మీదనే నలుగురు చుట్టుముట్టి లోపలికి రమ్మంటారు. మేము ఎవరితోనూ వెళ్ళక, ముందే వ్రాసుకున్న పట్టికతో అయిదు అంగడులు తిరిగాము. బిల్లు లేకుంటే రెండు వేలు తగ్గిస్తామని ఒకరు ఆశ పెట్టారు. 18 శాతం జీఎస్టీతో కూడిన బిల్లే కావాలన్నాను. మావాడు నావైపు చూసి నవ్వాడు, నేనూ నవ్వాను.

బోర్డు తీసుకున్నప్పుడు ఒక జాగ్రత్త పాటించాము. మేము ఎన్నుకున్న బీ450 బోర్డు 2018 నాటి రకము. 2022 నాటి ప్రాసెసరును గుర్తించుటకు దాని బయోస్ కొత్తదై ఉండవలెను. అంగడిలోనే ప్రాసెసరు పెట్టించి, తెర వెలిగిన తరువాతనే డబ్బు చెల్లించాము. ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర మావాడు పొదుపు చేద్దామన్నాడు. పాతది నడుస్తున్నది గదా అన్నాడు. నేను ఒప్పుకొనలేదు. కొత్త కార్డు ఒక్కటే 160 వాట్లు తీసుకుంటుంది. పాతది 75 వాట్లతో సరిపెట్టుకొనేది. తొమ్మిదేళ్ళు ధూళిలో కాగిన కెపాసిటర్ల మీద ఆ అదనపు భారం మోపడం నాకు సమ్మతం కాదు. అది చెడితే తానొక్కటే పోదు, మిగిలినవాటిని వెంట తీసుకొని పోతుంది.

ఖర్చుల పట్టిక: ప్రాసెసరు 10,800, బోర్డు 5,900, 8 జీబీ ర్యామ్ 5,400, 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. 3,900, కార్డు 8,000. మొత్తం 34,000. ఇందులో నాది 25,000. మిగిలిన 9,000 మావాడు వేసవి ఇంటర్న్‌షిప్‌లో దాచుకున్నది. ఆ సొమ్ముతో వాడు కొనుక్కుందామనుకున్నది కొత్త ఫోను. ర్యామ్ పలక కొంతకాలం క్రితం రెండు వేల లోపు దొరికిన వస్తువు. ఆ ధర చెల్లించేటప్పుడు ప్రాణం ఉసూరుమన్నది. అయినా పాత పలక జతగా నిలిచింది కనుక ఒక్కటి కొంటే సరిపోయినది. రెండు పలకలు రెండు ఛానళ్ళలో నడవడం వలన ప్రాసెసరుకు అందే సమాచార ప్రవాహం కూడా రెట్టింపు అవుతుంది.

ఆదివారం భోజనాల బల్ల మీద కూర్పు మొదలుపెట్టాము. మొదటిసారి మీట నొక్కితే ఫ్యానులు తిరిగినవి, తెర వెలగలేదు. నా గుండె జారినది. మావాడు తొణకకుండా ర్యామ్ పలకలను తీసి, క్లిప్పు చప్పుడు వినిపించేదాకా నొక్కి మళ్ళీ పెట్టాడు. తెర వెలిగినది. బయోస్‌లో టీపీఎమ్, సెక్యూర్ బూట్ అమర్చి విండోస్ 11 ఎక్కించాము. 2017లో కొన్నది రిటైల్ లైసెన్సు కనుక కొత్త బోర్డుకు మార్చుకోగలిగాము. యంత్రంతోబాటు వచ్చే ఓఈఎం లైసెన్సు అయితే పాత బోర్డుతోనే ముగిసిపోతుంది; ఆ ఖర్చును కూడా ముందే లెక్కలో చేర్చుకొనవలెను.

కొత్త ఆట తక్కువ నాణ్యత అమరికలో సెకనుకు 60 దగ్గర నిలకడగా నడుస్తున్నది. మా మానిటరు 60కి మించి చూపలేదు కనుక అంతకన్నా ఎక్కువకు పెట్టే ప్రతి రూపాయీ వృథాయే. వారానికి ఎనిమిది గంటలు ఆడినా, 300 వాట్ల చొప్పున, నెలకు పదిన్నర యూనిట్లకు మించదు. కాలేజీ వారిచ్చిన సిమ్యులేషన్ అభ్యాసాలు కూడా ఇంతకు ముందుకన్నా త్వరగా ముగుస్తున్నవని మావాడు వాళ్ళ అమ్మకు ప్రత్యేకించి చెప్పాడు.

పాత కార్డును స్పేరుగా దాచాము. పాత బోర్డు, ప్రాసెసరు, ఎస్.ఎం.పి.ఎస్.లను వీధిలో తిరిగే పాత సామానుల వానికి ఇవ్వలేదు. అటువంటివి చివరకు సీలంపూర్ వంటి చోట్ల నిప్పు, ఆమ్లముల మధ్య, చేతులకు తొడుగులైనా లేని మనుషుల ముందు తేలుతాయి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన సంస్థకే అప్పగించాము. వచ్చినది స్వల్పమే.

ఇటువంటి నిర్ణయం చేయవలసిన పాఠకులకు నా సూచనలు:

1. కొనుటకు ముందు మూత విప్పి శుభ్రపరచి, పేస్టు మార్చి, ఉష్ణోగ్రత కొలవండి. కొన్నిసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

2. స్పష్టత తగ్గించే పరీక్షతో అడ్డుపడే భాగమేదో తేల్చుకొనండి. అంగడివాని సలహా కొలతకు ప్రత్యామ్నాయము కాదు.

3. కొనే ప్రతి భాగమూ తరువాతి యంత్రములోకి కూడా వెళ్ళగలదా అని ప్రశ్నించుకొనండి. ఎస్.ఎస్.డి., ఎస్.ఎం.పి.ఎస్., గ్రాఫిక్స్ కార్డు వెళతాయి. ఆగిపోయిన బోర్డు కొరకు కొనే పాత ప్రాసెసరు వెళ్ళదు.

4. మెరుగుకయ్యే ఖర్చు, అదే పని చేయగల కొత్త యంత్రం ధరలో సగం దాటితే మరల ఆలోచించండి. మాకు సగానికి కొంచెం తక్కువ అయినది.

5. చరిత్ర తెలియని వాడిన వస్తువును, బిల్లు లేని కొత్త వస్తువును కొనకండి.

కార్డు వచ్చిన వారం శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు మావాడి గది తలుపు ఓరగా వేసి ఉన్నది. లోపలినుండి నవ్వులు, కేకలు, రామగుండం యాస. నోయిడాలో పెరిగిన పిల్లవాడు ఆ యాసను ఇన్నాళ్ళూ ఎక్కడ నిలుపుకొని వచ్చాడో నాకు అప్పుడు అర్థమైనది. మా శ్రీమతి పాలగ్లాసుతో లోపలికి వెళ్ళినది. హెడ్‌ఫోన్లు తీసి స్పీకరు పెట్టి ఉన్నది కాబోలు, తాల్చేరు అబ్బాయి గొంతు వినిపించినది: "అత్తమ్మా, మంచిగున్నరా? గీసారి దసరాకు మేమందరం రామగుండం పోతున్నం, మీరు గూడ రావాలె." ఆమె అయిదు నిమిషాలలో వస్తానని వెళ్ళి, అరగంట అక్కడే కూర్చున్నది. యంత్రానికి పెట్టిన ఖర్చును గురించి మా ఇంట్లో మళ్ళీ మాట రాలేదు. పదకొండు గంటలకల్లా ఆపవలెనన్న నియమం మాత్రం వచ్చినది. దానిని అందరమూ శిరసావహిస్తున్నాము.

వచ్చే సంచికలో వేసవికి ముందు ఏసీ యంత్రానికి ఇంట్లోనే చేసుకోదగిన జాగ్రత్తలను గురించి వ్రాయగలను. పాఠకులు తమ ప్రశ్నలను యథాప్రకారం సంపాదకుల ద్వారా పంపగలరు.